నాయిన ఆగిన చోట్లు

నా దగ్గర మా నాయిన పాట పంతొమ్మిది ముక్కలుగా ఉంది. ఏ ముక్కా పూర్తి పాట కాదు. పాట సగంలో ఉండగానే ఒక గొంతు అడ్డం వచ్చి "ఆపు నాయినా" అంటుంది. ఆ గొంతు నాదే.

నేను నాగర్‌కర్నూల్లో ఒక మేడమీది గది అద్దెకు తీసుకొని పాటలు రికార్డు చేసుకుంటాను. నా వెనక ఏ కంపెనీ లేదు. పాట నేనే రాస్తాను, బాణీ నేనే కడతాను, గిటారు నేనే వాయిస్తాను, పాడతాను, చివరికి నేనే విని భేష్ అనుకుంటాను. మధ్య మధ్య సినిమా పాటలను నా పద్ధతిలో మళ్లీ పాడి ఇంటర్నెట్‌లో పెడతాను. కవర్ సాంగ్ అంటారు వాటిని. జనం వినేది వాటినే. సొంత పాట పెడితే మా అమ్మ వింటుంది, అదీ చేతిలో పని లేకపోతే. గద్వాలలో ఒక పెళ్లిలో ధైర్యం చేసి నా పాట ఎత్తుకున్నాను. పల్లవి దాటకముందే పెళ్లికొడుకు మేనమామ దగ్గరికొచ్చి, "తమ్మీ, జర తెలిసిన పాట పాడు. అన్నం తినేటోళ్లు పరేషాన్ అయితున్నరు" అన్నాడు. అప్పటి నుంచి పెళ్లిళ్లలో నా పాటలు పాడటం మానేశాను. ఉక్రోషం మాత్రం మానలేదు.

మేము దూదేకులవాళ్లం. మా ఊరు తెలకపల్లికి దగ్గర. నాయిన సైకిల్‌కు దూది ఏకే విల్లు కట్టుకొని ఉప్పునుంతల, అచ్చంపేట దాకా ఊరూరూ తిరిగి పరుపులు, రజాయిలు కుట్టేవాడు. తర్వాత మిషన్ కొన్నాడు. విల్లుతో ఏకినా మిషన్‌తో ఏకినా దూది దుమ్ము పోయేది ముక్కులోకే. యాభై ఏళ్లకు దగ్గు పట్టుకుంది, అరవై దాటేసరికి ఆయాసం.

నా గదిలో గొంతు గోడలకు తగిలి మోగకుండా మెత్తటిది ఏదైనా వేలాడదీయాలి. పట్నంలో దానికోసం ప్రత్యేకంగా పలకలు అమ్ముతారు. నేను నాయినకు చెప్పాను. ఆయన నాలుగు గోడలూ జానలతో కొలుచుకొని పోయి, వారం తిరిగేసరికి నాలుగు రజాయిలు కుట్టి తెచ్చాడు. నేను మేకులు కొట్టి తగిలిస్తుంటే కింద నిలబడి చూసి, "ఇన్నేండ్లు మనుషులకు కుట్టిన. గోడలకు గుడ చలి పెడ్తదని ఇయ్యాల్నే తెలిసింది" అన్నాడు. ఆ గదికి వచ్చిన వాళ్లందరికీ ఈ మాట చెప్పి నవ్వించేవాణ్ణి. ఇప్పుడు చెప్పబుద్ధి కాదు.

ఏ పాట వినిపించినా నాయిన ముందు అడిగేది ఒకటే. "గిది నీదా, ఇంకోల్లదా?" ఇంకొకరిదంటే "మంచిగుంది" అనేవాడు. నాదంటే కాసేపు ఆలోచించి "మంచిగనే ఉంది" అనేవాడు. ఆ రెండో మాటకు నాకు ఒళ్లు మండేది. ఒకసారి ఉండబట్టలేక, "నువ్వు పాడేది మాత్రం నీదా ఏంది?" అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "నాది గాదు. మీ తాతది. మీ తాతది గుడ గాదు, ఆయనకు ఎవలు నేర్పిండ్రో తెల్వదు" అన్నాడు.

ఆయన పాట పీర్ల పాట. మా ఊళ్లో ఏటా పీర్ల పండుగకు, అంటే మొహర్రానికి, పది దినాలు సావిడిలో పీర్లను నిలబెడతారు. సావిడి ముందు గుండం తవ్వి నిప్పు వేస్తారు. అన్ని కులాల వాళ్లూ దాని చుట్టూ తిరుగుతూ ఆడతారు, పాడతారు. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతా ఊరు వంత అందుకుంటుంది. ఎన్నో పాటలున్నా మా ఇంటి పాట లేనిదే చివరినాడు పీర్లు వాగుకు కదలవు. యుద్ధంలో దూప తట్టుకోలేక ఏటి నీళ్లకు పోయిన కొడుకు కోసం ఒక తల్లి ఎదురుచూసే పాట అది. ఏడు చరణాలు. "రావయ్యా కొడుకా, పొద్దు వాలె రావయ్యా" అని వంత. దాన్ని ఎత్తుకునే హక్కు తాత తర్వాత నాయినకు వచ్చింది.

ఆ పాట పీర్ల దినాల్లో తప్ప పాడకూడదు. అది ఏడుపు పాట. పీర్లు లేని రోజున పాడితే ఏడుపును పేరు పెట్టి ఇంట్లోకి పిలిచినట్టేనని మావాళ్ల నమ్మకం. చిన్నప్పుడు నేను బువ్వ తింటూ ఆ వంత కూనిరాగం తీస్తే అమ్మ చేతిలోని గరిటెతోనే ఒకటి వేసింది. కాబట్టి నాకు వంత తప్ప ఏమీ రాలేదు. రాలేదన్నది ఒక సాకు కూడా. పది దినాలూ నాయిన పక్కనే తిరిగిన పిల్లలకు ఎంతో కొంత వచ్చే ఉండేది. నేను గుండం చుట్టూ గెంతి, మలీద ముద్దలు తిని ఇంటికొచ్చేవాణ్ణి. కాలేజీకి వచ్చాక అదంతా నాకు ఊరి గోలగా తోచింది.

సొంత పాటలు ఎవరూ వినక, కవర్ సాంగ్‌లు పాడి పాడి నా మీద నాకే విసుగొచ్చినప్పుడు ఆ పాట గుర్తొచ్చింది. నాయిన గొంతు, వెనక నా గిటారు, ఒక మంచి బీటు. ఇంతవరకు ఎవరూ రికార్డు చేయని పాట. ఇది పెడితే నా పేరు నిలబడుతుందనుకున్నాను. నాయిన పాట నిలబడుతుందని అనుకోలేదు, నా పేరు నిలబడుతుందనే అనుకున్నాను. ఇప్పుడు దాచి ఏం లాభం?

అడిగితే, "పీర్ల దినాలల్ల రా, పాడ్త" అన్నాడు. ఆ ఏడు పీర్లు బోనాల ముందు వచ్చాయి. బోనాల పాటలు పాడించుకోవడానికి వచ్చిన వాళ్లతో నా గది తీరిక లేకుండా ఉంది. పోలేదు. మరుసటి ఏడూ అంతే. మూడో ఏడు మైకు, రికార్డరు అన్నీ సర్దుకొని పోయాను. నాయిన సావిడి అరుగు మీద కూర్చొని ఉన్నాడు. ఎత్తుకోవడానికి లేచి, ఒక లైను పాడి, ఛాతీ పట్టుకొని కూర్చున్నాడు. ఆ ఏడు పీర్లు వేరే పాటతో వాగుకు పోయాయి. ఊళ్లో అందరి ఫోన్లలోనూ పాత వీడియోలున్నాయి. అన్నీ వెతికాను. డప్పులు, ఈలలు, తమను తాము చూపించుకునే మొహాలు. నాయిన గొంతు ఎక్కడా లేదు.

ఆ చలికాలం ఆయనే ఫోన్ చేశాడు.

"రేపు పొద్దుగాల బస్సుకు వస్త. పాట పట్టుకుందువు గానీ."

"పీర్లు లేవు గద నాయినా?"

"పీర్లకు చెప్పుకున్న. బెల్లం మీద ఫాతెహా ఇప్పిచ్చిన. తప్పుంటే నన్నే చూసుకుంటరు."

జీవితమంతా పాటించిన కట్టును ఎందుకు తెంపుతున్నావని నేను అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటాడేమోనని భయం. ఆ ఫోన్ పెట్టేసి గదిలో గంతులేశాను. ఆయనకు మళ్లీ పీర్ల పండుగ దాకా ఉంటానన్న నమ్మకం లేదని నాకు తోచలేదు. కళ్ల ముందు ఉన్నది కూడా చూడనివాణ్ణి గుడ్డివాడంటారు. నేను చూశాను, పట్టించుకోలేదు. నాకేం పేరు పెట్టాలో తెలియదు.

ఉతికిన తెల్ల లుంగీ, చొక్కా, నడుముకు పీర్ల దినాల్లో కట్టే ఆకుపచ్చ దట్టీ. అలా వచ్చాడు. చెప్పులు వీధిలోనే వదిలేశాడు. మెట్ల మీద మూడుసార్లు ఆగాడు. గదిలోకి రాగానే గోడకున్న రజాయి అంచు పట్టి కుట్టు ఊడిందేమో చూశాడు. అప్పుడు కూర్చున్నాడు.

నేను ఆయన చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టాను. అందులో తాళం కోసం టిక్కుటిక్కుమని గడియారంలా ఒక చప్పుడు వినిపిస్తుంటుంది. దాన్ని పట్టుకొని పాడితేనే తర్వాత గిటారు, బీటు అతికించడానికి వీలు. నాయిన మొహం చిట్లించాడు.

"గీ టిక్కుటిక్కు ఏంది?"

"తాళం నాయినా."

"తాళం కాళ్లల్ల ఉంటది గదరా."

"ఇక్కడ చెవులల్ల ఉంటది. దాని తోటి పాడు."

కళ్లు మూసుకొని ఎత్తుకున్నాడు. "ఏటి నీళ్లకు పోయిన కొడుకా, ఏ తొవ్వ వస్తున్నవో." అంత ఆయాసంలోనూ ఆ గొంతు ఎక్కడ దాచుకున్నాడో! లైను అయిపోగానే ఆగాడు. కళ్లు తెరవలేదు. నోరు కాస్త తెరిచి ఉంది. టిక్కుటిక్కు పోతూనే ఉంది. ఎనిమిది, పది, పన్నెండు. తర్వాత రెండో లైను ఎత్తుకున్నాడు, తాళానికి బయట.

"ఆపు నాయినా. నడుమల ఆగొద్దు."

"ఆగకుంటే ఎట్ల?"

"వరుసగ పాడు. మిగిలింది నేను తర్వాత కలుపుత."

నావైపు చూశాడు. డాక్టరు చెప్పిన దానికి తలూపినట్టు తలూపాడు. ఈసారి ఆగకుండా పాడబోయాడు. మూడో లైనుకు ఊపిరి చాలలేదు, దగ్గు తెర. మళ్లీ ఆపాను. మళ్లీ మొదటి నుంచి. ఒకసారి ఊపిరి చప్పుడు మైకులో పడిందన్నాను. ఒకసారి శ్రుతి దిగిందన్నాను. ఒకసారి బాగా పాడాడు గానీ, అలవాటు కొద్దీ రెండు లైన్ల మధ్య మళ్లీ ఆగాడు. దాన్నీ ఆపాను. "తప్పయిందా?" అని అడిగేవాడు ఆపిన ప్రతిసారీ. ఊళ్లో ఎవరు తప్పు పాడినా చేయెత్తి సరిచేసే మనిషి, ముడ్డి కిందికి రజాయి ముక్క సర్దుకుంటూ నన్ను అడుగుతున్నాడు, తప్పయిందా అని.

పంతొమ్మిదోసారి రెండు చరణాలు పూర్తయ్యాయి. మూడోది ఎత్తుకోబోయే ముందు మళ్లీ ఆ ఆగడం. నాకు మధ్యాహ్నం బస్సుకు వనపర్తి పోయి ఒక కవర్ సాంగ్ వీడియోలో పాడాలి. టైము దాటిపోతోంది. అప్పుడన్నాను ఆ మాట.

"ఊరంత నిన్ను పాటగాడంటరు. తాళంల నాలుగు లైన్లు పాడరాదా?"

నాయిన హెడ్‌ఫోన్స్ తీసి, చెవులకు తగిలిన చోట అంటిన చెమటను తన తువ్వాలతో తుడిచి, బల్ల మీద పెట్టాడు. కోపగించుకొని ఉంటే బాగుండేది.

"మిగిలినవి చెప్త, రాసుకుంటవా బిడ్డా? ఐదే ఉన్నయి."

"రాసుకునుడెందుకు? మల్లోసారి వచ్చి పాడుదువు గానీ. నాకు వనపర్తి బస్సుంది."

"పో, పో. పని చెడగొట్టుకోకు."

ఆయనను తెలకపల్లి బస్సు ఎక్కించి నేను వనపర్తి పోయాను. ఆ రోజు నేను పాడిన పాటను చాలామంది విన్నారు. పాట ఎవరిదో కానీ, పాడింది అచ్చం అలాగే ఉందని మెచ్చుకున్నారు.

ఎండలు ముదరకముందే నాయిన పోయాడు. దవాఖానలో చివరి మూడు రోజులు మూతికి మాస్కు. చెవి దగ్గరికి వంగి మాట్లాడితే కళ్లతో జవాబు చెప్పేవాడు. మిగిలిన ఐదు చరణాలు అడుగుదామని ఎన్నిసార్లు అనుకున్నానో! ప్రాణం పోతున్న మనిషిని పాట అడిగే కొడుకునా నేను అని సిగ్గేసింది. మాస్కు కింద మాట ఎలాగూ వచ్చేది కాదు. అయినా అడగాల్సింది. అడిగి ఉంటే, నాకు ఆ పాట కావాలని ఆయనకు తెలిసేది.

నలభై దినాలు అయ్యాక ఆ పంతొమ్మిది ముక్కలు తెరిచాను. మంచివి ఏరి అతికిస్తే రెండు చరణాలు తేలాయి. మూడోది ఎవరికైనా వచ్చునేమోనని ఊరికి పోయాను. అమ్మను అడిగితే కథ చెప్పింది. "మూడో దాంట్ల గుర్రం ఒక్కటే ఇంటికొస్తది. తల్లి గుర్రాన్ని అడుగుతది, నా కొడుకేడని. మాటలు నాకెట్ల వస్తయి బిడ్డా? మొగోళ్ల పాట గది." పీర్ల డప్పు కొట్టే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. నాయిన ఈడువాడు, నేను మామా అని పిలుస్తాను. ఆయన చాలాసేపు గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. "మీ నాయిన ఎత్తుకుంటే మేం అందుకునేటోళ్లం. ఆయన ఉండె గదా అని ఎన్నడు మనసుల పెట్టుకోలె, అల్లుడా" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూశాక ఇంకెవరినీ అడగాలనిపించలేదు.

పాటలు రాసేవాణ్ణి కదా, నేనే రాద్దామనుకున్నాను. ఒక్క మధ్యాహ్నంలో ఐదు చరణాలూ రాశాను. ప్రాసలు బాగానే కుదిరాయి. గుర్రం వచ్చింది, తల్లి అడిగింది, అన్నీ ఉన్నాయి. చదువుకుంటే "గిది నీదా, ఇంకోల్లదా?" అని నాయిన అడిగే ప్రశ్నే చెవిలో పడింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పీర్ల పండుగ వచ్చింది. చివరినాడు మధ్యాహ్నం తిరిగాక పీర్లను ఎత్తుకున్నవాళ్లు సావిడి ముందు వరుసగా నిలబడ్డారు. అమ్మ మిగతా ఆడవాళ్లతో కలిసి వాళ్ల కాళ్ల మీద పోయడానికి బిందె పట్టుకొని గడపలో ఉంది. మామ వచ్చి నా నడుముకు దట్టీ కట్టాడు. "మీ ఇంటి పాట. నువ్వే ఎత్తుకోవాలె."

నాకు వచ్చింది రెండు చరణాలే. అయినా ఎత్తుకున్నాను. "ఏటి నీళ్లకు పోయిన కొడుకా, ఏ తొవ్వ వస్తున్నవో." లైను చివర నా ఊపిరి అయిపోయింది. సరిగ్గా అప్పుడే ఊరంతా అందుకుంది. "రావయ్యా కొడుకా, పొద్దు వాలె రావయ్యా." వాళ్లు పాడుతున్నంతసేపూ నేను నిలబడి గాలి పీల్చుకున్నాను. గుండె నిండా పీల్చుకున్నాను. వాళ్ల వంత అయ్యేసరికి రెండో లైనుకు నాకు సత్తువ వచ్చింది.

నాకు అప్పుడు అర్థమైంది. ఆ గదిలో నాయిన ఆగింది తాళం తెలియక కాదు. కళ్లు మూసుకొని, నోరు కాస్త తెరిచి, ఆయన వంత కోసం చూస్తున్నాడు. ఎవరైనా అందుకుంటే ఆ ఊపిరితోనే ఏడు చరణాలూ పాడేవాడు. ఆ గదిలో ఉన్నది నేనొక్కణ్ణే. ఆ వంత నాకు వచ్చు, పసితనం నుంచీ వచ్చు, దానికి దెబ్బలు కూడా తిన్నాను. నేను పాటగాణ్ణి. నాలుగడుగుల దూరంలో కూర్చొని, వంత పాడకుండా, ఆయన ఆగుతున్నాడని కసురుకున్నాను.

రెండో చరణం అయిపోయింది. ఊరు అందుకుంది. నేను ఎత్తుకోకపోయేసరికి మళ్లీ అందుకుంది. మూడోసారీ అందుకున్నారు, అందరి కళ్లూ నా మీదే. జేబులో కాగితం ఉంది. తీయలేదు.

మామ డప్పు ఆపకుండానే పక్కకు వచ్చాడు. "ఏమైంది అల్లుడా?"

"నాకు గింతే వస్తది మామా."

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. "గట్లయితే మల్ల మొదటికెల్లి ఎత్తుకో. పీర్లు నడువాలె గద."

ఎత్తుకున్నాను. పీర్లు కదిలాయి. అమ్మ గడపలోంచి నీళ్లు పోసింది, నా మొహం చూడలేదు. వాగు దాకా ఆ రెండు చరణాలనే తిప్పి తిప్పి పాడాను. ఎన్నిసార్లు పాడానో గుర్తులేదు. మామ కూతురి భర్త, కొత్తగా పెళ్లయి మొదటిసారి మా ఊరి పీర్లకు వచ్చినవాడు, నా పక్కనే నడుస్తూ ముందు వంత అందుకున్నాడు, కాసేపటికి నాతోపాటు చరణాలూ పాడటం మొదలుపెట్టాడు. చక్కటి గొంతు. నాకన్నా నయం.

వాగులో ఇసుకను తోడి చెలిమె తీశారు. పీర్లను కడుగుతుంటే అతను చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. మొహం సంతోషంతో వెలిగిపోతోంది.

"అన్నా, పాట మొత్తం వచ్చింది నాకు" అన్నాడు.

"ఆఁ, మొత్తం గంతే తమ్మీ" అన్నాను.